మిర్చి యార్డులో కాపీ అవుతున్న సాఫ్ట్‌వేర్: లైసెన్సు, బాకీలు, కేసుల మీద నా జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ షాపులకు, చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు మీరొక్కరే సాఫ్ట్‌వేర్ రాసి, షాపుకు 15,000 చొప్పున ఒకేసారి తీసుకుని ఇచ్చారు. ఇప్పుడు మీరు అమ్మిన షాపులకన్నా అమ్మని షాపుల్లోనే అది ఎక్కువగా నడుస్తోంది. కంప్యూటర్లు బాగుచేసే ఒకతను 1,500 తీసుకుని పెన్‌డ్రైవ్‌తో ఎక్కించి పోతున్నాడు. మూడు కోల్డ్ స్టోరేజీలు సర్వీసు బిల్లు కట్టకుండా తిప్పుతున్నాయి. ఇది చాలదన్నట్టు, పాత అను ఫాంట్లలో టైప్ చేసిన తెలుగును, ఇప్పుడు అన్ని చోట్లా కనిపించే యూనికోడ్‌లోకి మార్చే మీ కోడ్ లైబ్రరీని, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చనే ఎంఐటీ లైసెన్సు కింద, కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్లో పెడితే, హైదరాబాద్ కంపెనీ ఒకటి దాన్ని డబ్బులు తీసుకునే తన యాప్‌లో వాడుకుంటూ మీ పేరు కూడా వేయలేదు. కంప్యూటర్‌కి తగిలిస్తేనే ప్రోగ్రాం నడిచే డాంగిల్ పెట్టాలా, పోలీసుల దగ్గరకు వెళ్లాలా, ఎక్కడి నుంచో ప్రోగ్రాం ఆగిపోయేలా చేయాలా, లైసెన్సు మార్చేయాలా అని అడిగారు. చివర్లో, ఉద్యోగం మానేయాలా అని కూడా.

నేను లాయర్ని కాను. మెడికల్ షాపులకు, ఎరువుల దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసి అమ్ముతూ ఇరవై ఏళ్లు దాటింది. ఆ అనుభవంతో చెబుతున్నాను. కోర్టు దాకా వెళ్లే పని ఏదైనా ఉంటే కాపీరైట్ కేసులు చూసిన లాయర్‌తోనే మాట్లాడండి.

ముందు నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. షాపుల మీద కేసులు వద్దు. పెన్‌డ్రైవ్ అతన్ని మాత్రం వదలొద్దు. బాకీ ఉన్న కోల్డ్ స్టోరేజీల దగ్గర డబ్బు వస్తుంది, దానికి దారి ఉంది. ఎంఐటీ లైసెన్సు కింద ఇచ్చేసిన దానికి డబ్బు అడిగే హక్కు మీకు లేదు, పేరు అడిగే హక్కు పూర్తిగా ఉంది. ఇవన్నీ కాక, మీకు ఇకమీదట వచ్చే ఆదాయం పాత కాపీల వెంట పడితే వచ్చేది కాదు, అమ్మే పద్ధతి మార్చుకుంటే వచ్చేది.

కానీ వీటన్నిటికన్నా ముందు చూసుకోవాల్సినది ఒకటుంది. ఆ కోడ్ చట్టం దృష్టిలో మీదేనా? మీరు ఇంకా ఉద్యోగంలో ఉన్నారని రాశారు. రిపోర్టుల భాగం మీ స్నేహితుడు రాశాడని కూడా రాశారు. రెండూ చిక్కు తెచ్చేవే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాం సాహిత్య రచన కిందకే వస్తుంది, రాసినవాడే మొదటి యజమాని. అయితే 17వ సెక్షన్ ప్రకారం, జీతానికి పనిచేసే మనిషి ఆ ఉద్యోగంలో భాగంగా రాసింది వేరే ఒప్పందం లేకపోతే జీతమిచ్చే కంపెనీదవుతుంది. మిర్చి యార్డు లెక్కలకూ మీ ఆఫీసు పనికీ సంబంధం లేదు కాబట్టి చట్టం వరకు మీకు పెద్ద ఇబ్బంది ఉండకపోవచ్చు. కానీ అపాయింట్‌మెంట్ లెటర్ ఒకసారి తీసి చదవండి. ఉద్యోగంలో ఉన్నంత కాలం ఏం రాసినా కంపెనీదే అని చాలా ఐటీ కంపెనీలు ఒక క్లాజు పెడతాయి. ఆఫీసు లాప్‌టాప్ మీద ఒక్క రాత్రి పనిచేసినా అది వాదనకు పనికొస్తుంది. హెచ్‌ఆర్ నుంచి అభ్యంతరం లేదని ఒక మెయిల్ తెప్పించుకోగలిగితే తెప్పించుకోండి. ఇవ్వరనిపిస్తే, నోటీసుల పర్వం మొదలుపెట్టే ముందే లాయర్‌కి ఆ లెటర్ చూపించండి. మీరు ఎవరికి నోటీసు పంపినా అవతలి లాయర్ అడిగే మొదటి ప్రశ్న ఇదే.

స్నేహితుడి విషయం సులువు, అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు. అతను మీ ఉద్యోగి కాదు. మీరు డబ్బిచ్చినా, బిర్యానీ పెట్టించినా, అతను రాసిన భాగం మీద కాపీరైట్ అతనిదే. అది మీకు రావాలంటే 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా, సంతకంతో బదిలీ జరగాలి. ఆ కాగితంలో ఏ పని, ఎంత డబ్బు, ఎంత కాలం, ఏ ప్రాంతం అనేవి స్పష్టంగా ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లకే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అని చట్టం లెక్కేసుకుంటుంది. స్నేహం బాగున్న రోజుల్లోనే ఈ సంతకం పెట్టించుకోవాలి. వ్యాపారం పెరిగాక అడిగితే అదే మనిషి వాటా అడుగుతాడు, అడగడంలో తప్పు కూడా లేదు.

కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయించుకోండి. ఫీజు 500 రూపాయలు, ఫారం 14, ఆన్‌లైన్‌లోనే. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు, తర్వాత పరిశీలన ఉంటుంది, కొంత కాలం పడుతుంది. సోర్స్ కోడ్‌లో మొదటి 10 పేజీలు, చివరి 10 పేజీలు ఇవ్వాలి. 2021లో నిబంధనలు మార్చాక అందులో నల్లరంగు పూసి దాచడానికి వీల్లేదు. కాబట్టి పాస్‌వర్డులు, లైసెన్సు తనిఖీ చేసే భాగం ఆ పేజీల్లోకి రాకుండా ప్రింటు క్రమం చూసుకోండి. ఆ సర్టిఫికెట్ ఉంటే యజమాని మీరేనని కోర్టు ప్రాథమికంగా నమ్ముతుంది, కాదని నిరూపించే భారం అవతలివాళ్ల మీద పడుతుంది. స్టేషన్లో ఎస్సై ముందు కూర్చున్నప్పుడు కూడా కోడ్ చూపించడం కన్నా ఆ సర్టిఫికెట్ చూపించడం తేలిక.

ఇక లైసెన్సు. మీరు షాపులకిచ్చిన బిల్లు ఫొటో చూశాను. "సాఫ్ట్‌వేర్ 1, 15,000" అని ఉంది, అంతే. ఎన్ని కంప్యూటర్లలో వాడొచ్చు, ఒకే పేరు మీద ఉన్న రెండో షాపులో పెట్టుకోవచ్చా, తమ్ముడి షాపుకి ఇవ్వొచ్చా, ఏమీ లేదు. అలాంటప్పుడు షాపు యజమాని "నేను కొన్నాను, నా ఇష్టం" అంటే ఆయన్ని అబద్ధాలకోరు అనలేం. 2004లో టీసీఎస్‌కూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు, సీడీ మీద రెడీమేడ్‌గా అమ్మే సాఫ్ట్‌వేర్ కూడా సరుకే, అమ్మకపు పన్ను వేయొచ్చు అంది. జనం బుర్రలో అదే ఉంటుంది: సరుకు కొన్నాం, మనదైంది. కానీ 2021లో ఇంజనీరింగ్ అనాలిసిస్ కేసులో అదే కోర్టు ఈ తేడా స్పష్టం చేసింది. కొన్నవాడికి దక్కేది ఆ కాపీని వాడుకునే అవకాశమే, కాపీరైట్ కాదు. ఇది పన్ను కేసుల్లో వచ్చిన మాటే అయినా మీ వాదనకు పనికొస్తుంది.

కాబట్టి ఒక పేజీ లైసెన్సు పత్రం తయారుచేయండి. తెలుగులోనే రాయండి. ఇంటర్నెట్‌లో దొరికే పన్నెండు పేజీల ఇంగ్లీషు ఒప్పందం మీద యార్డులో ఎవరూ చదివి సంతకం పెట్టరు, చదవని సంతకంతో గొడవలే ఎక్కువ. అందులో ఉండాల్సినవి కొన్నే: షాపు పేరు, మార్కెట్ లైసెన్సు నంబరు, ఎన్ని కంప్యూటర్లు, ఏ తేదీ దాకా అప్‌డేట్లు, ఇంకొకరికి ఇవ్వకూడదని, డేటా మాత్రం ఎప్పటికీ షాపుదేనని. ఈ చివరి మాట తప్పక రాయండి, దాన్ని చూస్తేనే వ్యాపారికి ధైర్యం. ఒక బ్యాకప్ కాపీ పెట్టుకోవడం కొన్నవాడి హక్కు, 52వ సెక్షన్‌లోనే ఉంది. బ్యాకప్ కూడా వద్దని రాసి నవ్వులపాలు కావొద్దు.

ఇప్పుడు డాంగిల్ సంగతి. వద్దంటాను. యూఎస్‌బీ డాంగిల్ పోతుంది, విరుగుతుంది, గుమస్తా ఇంటికి తీసుకెళ్లిపోతాడు. ఫిబ్రవరి, మార్చిలో మిర్చి టిక్కీలు (బస్తాలు) లారీల్లో దిగుతున్నప్పుడు కాటా దగ్గర రైతుకిచ్చే లెక్క కాగితం, అంటే పట్టీ, రాకపోతే మీకొచ్చే ఫోన్లో వినపడే భాష ఇక్కడ రాయలేను. డబ్బు కట్టిన మంచి కస్టమర్‌కే శిక్ష పడుతుంది, కాపీ చేసినవాడు క్రాక్ చేసిన ఫైలుతో హాయిగా ఉంటాడు.

దాని బదులు డిజిటల్ సంతకం చేసిన లైసెన్సు ఫైలు పెట్టండి. చాలామంది చిన్న డెవలపర్లు ఇప్పటికీ సీరియల్ నంబర్ లెక్క ప్రోగ్రాంలోనే దాస్తారు, అది ఎవరో ఒకరు కనిపెట్టి, దొంగ సీరియల్ నంబర్లు పుట్టించే కీజెన్ రాసేస్తారు. పబ్లిక్ కీ పద్ధతిలో ఆ అవకాశం లేదు. సంతకం చేసే ప్రైవేట్ కీ మీ దగ్గర ఒక్కచోటే, ఇంటర్నెట్‌కి తగలని కంప్యూటర్‌లో ఉంటుంది. షాపు పేరు, జీఎస్టీ నంబరు, మార్కెట్ లైసెన్సు నంబరు, అప్‌డేట్ గడువు ఒక చిన్న ఫైల్లో రాసి ఆ కీతో సంతకం చేస్తారు. ప్రోగ్రాంలో ఉండేది పబ్లిక్ కీ మాత్రమే. దానితో సంతకం సరిచూడొచ్చు, కొత్తది తయారుచేయలేరు. ఆర్ఎస్ఏ, ఈడీ25519 అనే సంతకం పద్ధతుల్లో ఏది వాడినా, మీరు వాడే ఏ భాషకైనా లైబ్రరీ సిద్ధంగా ఉంటుంది, సొంతంగా ఏదీ కనిపెట్టొద్దు. ప్రోగ్రాం ఫైలునే విప్పి తనిఖీ తీసేయగలవాడు అప్పుడూ ఉంటాడు. కానీ 1,500కి పెన్‌డ్రైవ్ పట్టుకుని తిరిగేవాడికి అంత ఓపిక ఉండదు.

అసలు కిటుకు దీని తర్వాత ఉంది. ఆ ఫైల్లోని పేరు, నంబరు ప్రతి పట్టీ మీద, ప్రతి కోల్డ్ స్టోరేజీ బాండు మీద పైన పెద్ద అక్షరాల్లో పడాలి, సెట్టింగుల్లో మార్చడానికి వీల్లేకుండా. రైతు చేతికి ఇచ్చే పట్టీ మీద పక్క షాపు పేరుంటే ఏ కమీషన్ ఏజెంటూ ఆ కాగితం ఇవ్వడు. ఎరువుల దుకాణాల్లో నేను చూసింది కూడా ఇదే. బిల్లు మీద పేరు బిగించాక కాపీల సంగతి దాదాపు ఆగిపోయింది. మనిషికి కోర్టు భయం కన్నా తన బోర్డు మీద పేరు ముఖ్యం.

ఎక్కడి నుంచో ఆపేసే కోడ్ గురించి గట్టిగా చెబుతున్నాను, ఆ జోలికి వెళ్లొద్దు. కోపం అర్థమవుతుంది. కానీ ఐటీ చట్టం 43వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా వేరొకరి కంప్యూటర్లోకి వెళ్లడం, డేటా చెడగొట్టడం, వాళ్ల సిస్టమ్‌ని వాళ్లే వాడుకోలేకుండా చేయడం అన్నీ తప్పులే. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. అవతలివాడు మీ సాఫ్ట్‌వేర్ దొంగిలించాడన్నది వేరే కేసు, దాని వల్ల ఇది చెల్లిపోదు. పైగా ఆగిపోయేది షాపు ఒక్కటే కాదు. ఆ రోజు సరుకు తెచ్చిన రైతుల లెక్క కూడా అందులోనే ఉంటుంది. గడువు దాటితే ఏం చేయాలో లైసెన్సులోనే ముందే రాసి, అలాగే చేయండి: పాత డేటా చూడొచ్చు, ప్రింటు తీసుకోవచ్చు, ఎక్సెల్‌లోకి దించుకోవచ్చు, కొత్త సీజన్ మాత్రం తెరుచుకోదు. ఇందులో ఎవరికీ అన్యాయం లేదు.

పోలీసుల విషయానికొద్దాం. కాపీరైట్ చట్టం కాగితం మీద చాలా గట్టిది. 63వ సెక్షన్ కింద కాపీరైట్ ఉల్లంఘనకు 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల జరిమానా. కంప్యూటర్ ప్రోగ్రాం దొంగ కాపీ అని తెలిసీ వాడినవాళ్లకు ప్రత్యేకంగా 63బి సెక్షన్ ఉంది, కనీసం 7 రోజుల జైలు. లైసెన్సు తాళం పగలగొట్టినందుకు 2012లో చేర్చిన 65ఏ ఉంది. ఎస్సై, ఆపై స్థాయి అధికారి వారెంటు లేకుండా కాపీలు స్వాధీనం చేసుకోవచ్చు. 63 కింద నేరం కాగ్నిజబుల్ (వారెంటు లేకుండా అరెస్టు చేయగలది), నాన్ బెయిలబుల్ అని 2022 మే నెలలో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇదంతా చదివితే ఉత్సాహం వస్తుంది. కానీ యార్డులో నలభై షాపుల మీద ఫిర్యాదిస్తే ఏమవుతుందో ఆలోచించండి. వాళ్లకి సంఘం ఉంది, వాళ్లంతా ఒకటవుతారు. వచ్చే ఏడు మీ సాఫ్ట్‌వేర్ కొనేవాడు యార్డులో ఉండడు. ఆ షాపుల్లో సగం మందికి అది దొంగ కాపీ అని కూడా తెలియకపోవచ్చు, 1,500 కట్టాం కదా అనుకుంటారు.

అమ్మి సొమ్ము చేసుకుంటున్న మనిషి సంగతి వేరు. అతని మీద ఆధారాలు కూడబెట్టండి. ఎవరైనా తెలిసిన షాపు ద్వారా అతని దగ్గరే ఒక కాపీ కొనిపించండి, డబ్బు ఫోన్‌పేలో కట్టించండి. వాట్సాప్ మాటలు డిలీట్ చేయొద్దు, ఆ ఫోన్ కూడా మార్చొద్దు. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. ఎలక్ట్రానిక్ ఆధారానికి దాని 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపించే వేలిముద్ర లాంటి అంకె, కూడా రాయాలి. కాబట్టి పెన్‌డ్రైవ్ చేతికి రాగానే తెరిచి చూడకుండా హ్యాష్ తీసి పెట్టుకోండి. తర్వాత లాయర్ నోటీసు. నోటీసు ఊరికే బెదిరించడానికి పంపేది కాదని గుర్తుంచుకోండి. ఆధారం లేని బెదిరింపుల మీద అవతలివాడే ఎదురు దావా వేయడానికి కాపీరైట్ చట్టం 60వ సెక్షన్ వీలిస్తుంది. నా అనుభవంలో ఇలాంటివాళ్లలో ఎక్కువమంది నోటీసు దగ్గరే దిగొస్తారు. అప్పుడు జరిమానా అడగకండి, జాబితా అడగండి. ఎవరెవరికి ఎక్కించాడో ఆ జాబితా మీకు నలభై మంది కొత్త కస్టమర్ల చిరునామాలు. మీకు నచ్చకపోయినా ఇంకో మాట చెబుతాను. ఆ కుర్రాడికి యార్డు నిండా పరిచయాలున్నాయి, మీకు లేవు. కమీషన్ మీద డీలర్‌గా పెట్టుకోవచ్చేమో ఆలోచించండి. నాకు తెలిసిన ఒక డెవలపర్ సరిగ్గా అదే చేశాడు, ఇద్దరూ ఇప్పుడు బాగున్నారు.

అతను మొండికేస్తే సివిల్ దావా. కాపీరైట్ దావా మీరు ఉండే ఊళ్లోనే వేసుకోవడానికి 62వ సెక్షన్ వీలిస్తుంది. విలువ 3 లక్షలు దాటితే కమర్షియల్ కోర్టుకు వెళ్తుంది. అర్జెంటుగా స్టే అడగకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి రావడం తప్పనిసరి. ఏళ్లు పడుతుంది. నష్టపరిహారం వస్తుందని లెక్కలు వేసుకోకండి, కాపీలు ఆపమనే ఉత్తర్వు వస్తే అదే లాభం.

పాత కాపీలు వాడుతున్న షాపులకు ఒక తేదీ దాకా క్షమాభిక్ష పథకం పెట్టండి. పాత డేటా అలాగే ఉంచి, 4,000 కట్టి సొంత పేరుతో లైసెన్సు తీసుకోమనండి. తర్వాత ఏడాదికి 3,500 రెన్యువల్. అంకెలు మీ ఇష్టం, ఒకేసారి 15,000 పద్ధతి మాత్రం వదిలేయండి. ఒకసారి డబ్బు తీసుకుని జీవితాంతం సర్వీసు చేయడం మీ వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. వ్యాపారి ఏడాదేడాదీ ఎందుకు కడతాడు? రూలు మారినప్పుడల్లా సాఫ్ట్‌వేర్ మారాలి కాబట్టి. జీఎస్టీలో ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి చేసే పరిమితి 2023 ఆగస్టులో 5 కోట్ల టర్నోవర్‌కి దిగినప్పుడు నా దగ్గర దొంగ కాపీలు వాడిన పెద్ద డీలర్లు కొందరు వాళ్లంతట వాళ్లే ఫోన్ చేశారు. మీకు కూడా మార్కెట్ సెస్సు, హమాలీ రేట్లు, రైతుకి వాట్సాప్‌లో పట్టీ పంపడం లాంటివి ఉన్నాయి. రెన్యువల్ తేదీ సీజన్ మధ్యలో పెట్టొద్దు. యార్డుకి వేసవి సెలవులిచ్చే రోజుల్లో పెట్టండి. అప్పుడు వాళ్ల చేతిలో డబ్బూ ఉంటుంది, మాట్లాడే తీరికా ఉంటుంది.

కోల్డ్ స్టోరేజీల బాకీలు. ఇది కాపీరైట్ గొడవ కాదు, మామూలు వసూలు, అందుకే తేలిక. చిన్న సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో మీరు సూక్ష్మ సంస్థగా రిజిస్టర్ అయ్యారా? కాకపోతే ఈ రోజే అవ్వండి, ఫీజు లేదు. ఇకమీదట చేసే పనులకైనా రక్షణ ఉంటుంది. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటి చెల్లింపు ఆపకూడదు. ఆపితే రిజర్వ్ బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెడితే, ఇలాంటి బాకీలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ పిలుస్తుంది. ఇంతకన్నా త్వరగా పనిచేసేది ఆడిటర్ భయం. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోపు కట్టని బిల్లును ఆ ఏడాది ఖర్చు కింద చూపించుకోలేరు, కట్టిన ఏడాదిలోనే చూపించుకోవాలి. ఉద్యమ్ నంబరు వేసిన బిల్లును, బాకీ వివరాలతో, యజమానికి కాకుండా వాళ్ల ఆడిటర్‌కి ఫిబ్రవరిలో మెయిల్ చేయండి. మార్చి 31 లోపు ఫోన్ వస్తుంది.

ఇక ఎంఐటీ లైబ్రరీ. ఆ లైసెన్సు చాలా చిన్నది, ఒకసారి మళ్లీ చదవండి. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అడిగిందల్లా ఒకటే: మీ కాపీరైట్ నోటీసు, ఆ అనుమతి పాఠం కాపీలతో పాటు ఉంచాలి. హైదరాబాద్ కంపెనీ డబ్బులు తీసుకునే యాప్‌లో పెట్టడం తప్పు కాదు. నోటీసు తీసేయడం తప్పు. ఈ తేడా మరిచి "నా కోడ్ దొంగిలించారు" అని లింక్డ్‌ఇన్‌లో రాస్తే వాళ్ల లాయర్ నవ్వుకుంటాడు. మన తెలుగు ఫాంట్లలో రామభద్ర, మండలి లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. ఊరూరా ఫ్లెక్సీలు వేసేవాళ్లు వాటితో సంపాదించుకుంటున్నారు, అది పూర్తిగా సక్రమం. ఆ ఫాంటును విడిగా అమ్మడానికే ఆ లైసెన్సు ఒప్పుకోదు. ఇచ్చేటప్పుడు ఏది ఇచ్చాం, ఏది ఉంచుకున్నాం అన్నదే అక్కడ లెక్క.

ఉచితంగా ఇచ్చినవాడి షరతుకు విలువ లేదనుకోకండి. అమెరికాలో రాబర్ట్ జాకబ్‌సన్ అనే భౌతిక శాస్త్రవేత్త బొమ్మ రైళ్లు నడిపే సాఫ్ట్‌వేర్‌ని ఉచిత లైసెన్సుతో ఇచ్చాడు. ఒక కంపెనీ ఆయన పేరూ నోటీసులూ తీసేసి వాడుకుంది. 2008లో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు, డబ్బు లేకపోయినా ఆ షరతులు పాటించాల్సిందే, లేకపోతే అది కాపీరైట్ ఉల్లంఘనే అని తీర్పిచ్చింది. 2010లో ఆ కంపెనీ లక్ష డాలర్లిచ్చి రాజీ పడింది. మన కోర్టులు దానికి కట్టుబడాల్సిన పని లేదు, కానీ కంపెనీల లీగల్ టీములకు ఆ కేసు తెలుసు.

మీరు చేయాల్సింది: కంపెనీ లీగల్ విభాగానికి, టెక్నాలజీ అధిపతికి (సీటీఓ) మర్యాదగా ఒక మెయిల్. ఏ వెర్షన్, ఏ ఫైలు, యాప్‌లో ఎలా గుర్తించారు, నోటీసు ఎక్కడ పెట్టాలి, ఎన్ని రోజుల్లో. అదే మెయిల్లో, కావాలంటే ఏడాదికి ఇంత ఇస్తే సపోర్టు ఒప్పందం చేసుకుంటానని ఒక వాక్యం. బెదిరింపు మాట ఒక్కటీ వద్దు. పెట్టుబడి తెచ్చుకునేటప్పుడు, కంపెనీ అమ్ముకునేటప్పుడు ఓపెన్ సోర్సు లైసెన్సుల ఆడిట్ జరుగుతుంది, అలాంటి సమయంలో ఈ మెయిల్ బరువు పెరుగుతుంది. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ తయారుచేసేవాళ్లు కోడ్‌ని ఏ హక్కులూ ఉంచుకోకుండా పూర్తిగా పబ్లిక్ డొమైన్‌లో పెట్టేసి కూడా, కాగితం లేనిదే నమ్మని కంపెనీలకు హక్కుల హామీ పత్రాన్ని డబ్బుకి అమ్ముతారు. పెద్ద కంపెనీలు కోడ్‌కి ఇవ్వని డబ్బు నిశ్చింతకు ఇస్తాయి.

లైసెన్సు మార్చొచ్చా? వచ్చే వెర్షన్ నుంచి మార్చొచ్చు. ఇప్పటికే ఎంఐటీ కింద వెళ్లిన వెర్షన్లను వెనక్కి తీసుకోలేరు. వేరేవాళ్లు పంపిన కోడ్ ఉంటే, వాళ్ల భాగం ఎంఐటీ నోటీసుతో అలాగే ఉంచాలి, లేదా వాళ్ల అనుమతి తీసుకోవాలి. మారిస్తే, వాడుకున్నవాళ్లు తమ కోడ్ కూడా బయటపెట్టాలనే ఏజీపీఎల్ లైసెన్సుతో పాటు డబ్బు కట్టే లైసెన్సు, రెండూ పక్కపక్కన పెట్టండి. తమ కోడ్ బయటపెట్టడం ఇష్టంలేని కంపెనీ రెండోది కొంటుంది. పీడీఎఫ్‌లు చూపించే, ప్రింటు తీసే ఘోస్ట్‌స్క్రిప్ట్ తయారుచేసే ఆర్టిఫెక్స్ కంపెనీ ఇలాగే చేస్తుంది. డబ్బూ కట్టక, అదే కుటుంబానికి చెందిన జీపీఎల్ లైసెన్సు షరతులూ పాటించలేదని కొరియా కంపెనీ హాన్‌కామ్ మీద వేసిన కేసు 2017లో రాజీతో ముగిసింది. ఫ్రాన్స్‌లో ఆంత్రువెర్ అనే చిన్న సంస్థ టెలికాం దిగ్గజం ఆరెంజ్ మీద జీపీఎల్ కేసు గెలిచింది, 2024 ఫిబ్రవరిలో పారిస్ అప్పీలు కోర్టు 8 లక్షల యూరోలకు పైగా ఇప్పించింది. బాగుంది, కానీ కేసు వేసింది 2011లో. పదమూడేళ్లు లాయర్లను పోషించే శక్తి ఒంటరి మనిషికి ఉండదు. అయితే మీ లైబ్రరీ మారకుండా ఉండే అను ఫాంట్ల పట్టికల మీద నడిచేది. పాత ఎంఐటీ వెర్షన్‌తోనే ఎవరికైనా పని జరిగిపోతుంది, కాబట్టి లైసెన్సు మార్చినా మీకు ఒరిగేది తక్కువ. అందులో కొత్తగా ఏదైనా, పీడీఎఫ్‌లు నేరుగా మార్చడం లాంటిది చేర్చగలిగితే, దాన్ని వేరే ప్యాకేజీగా అమ్మండి.

కోపంలో కోడ్ పాడుచేసి పెట్టే ఆలోచన మాత్రం రానివ్వకండి. 2022 జనవరిలో మారక్ స్క్వైర్స్ అనే ప్రోగ్రామర్ చాలామంది వాడే తన కలర్స్, ఫేకర్ లైబ్రరీలను ఇలాగే పాడుచేశాడు. పెద్ద కంపెనీలు ఉచితంగా వాడుకుంటున్నాయన్నది ఆయన బాధ. దెబ్బ తగిలింది ఆ కంపెనీలకన్నా, ఆ లైబ్రరీల మీద ఆధారపడ్డ మామూలు ప్రాజెక్టులకు. ఫేకర్ వేరేవాళ్ల చేతుల్లోకి వెళ్లిపోయింది, ఆయన బాధ ఎవరికీ గుర్తులేదు. విరాళాల మీద కూడా ఆశ పెట్టుకోకండి. 2014లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడేసరికి సగం ఇంటర్నెట్‌కి భద్రత ఇచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌కి ఏడాదికి వచ్చే విరాళాలు 2,000 డాలర్ల దగ్గరే ఉండేవి. మన దేశంలో షేర్ల బ్రోకర్ కంపెనీ జెరోధా ఓపెన్ సోర్సు ప్రాజెక్టుల సాయానికి 2024లో ఫ్లాస్ ఫండ్ మొదలుపెట్టింది, ఏడాదికి 10 లక్షల డాలర్లు. మంచి పనే, కానీ అది చాలామంది వాడే ప్రాజెక్టులకు. దరఖాస్తు పెట్టండి, రాలేదని బాధపడకండి.

ఉద్యోగం మానే విషయానికి నా సమాధానం: ఇప్పుడే వద్దు. ఈ వేసవిలో క్షమాభిక్ష పథకం నడిపి, వచ్చే వేసవిలో వాళ్లలో ఎంతమంది రెన్యువల్ కట్టారో చూడండి. కొత్త అమ్మకాల డబ్బు ఆ లెక్కలో కలపొద్దు, అది ఒక ఏడు వస్తుంది, ఒక ఏడు రాదు. రెన్యువల్స్ ఒక్కటే ఇంటి ఖర్చుకు సరిపోయి, సీజన్‌లో ఫోన్లు ఎత్తడానికి ఒక మనిషికి జీతం ఇచ్చేంత మిగిలితే అప్పుడు రాజీనామా రాయండి. ఆ ఫోన్లు ఎత్తే మనిషి లేకుండా మాత్రం మానొద్దు. మార్చి నెలలో ఒక్కరే కోడ్ రాస్తూ, షాపులు తిరుగుతూ, ఫోన్లు ఎత్తడం కుదరదు.